మినీ ప్రొజెక్టర్ ఒక్కటే కొంటే ఇంటికీ, ప్రయాణానికీ, ఆరుబయటకీ సరిపోతుందా?

రాత్రిబండి:

కొన్నాళ్లుగా మినీ ప్రొజెక్టర్ల గురించి చదువుతున్నాను. చదివేకొద్దీ అయోమయం పెరుగుతోందే తప్ప తగ్గట్లేదు. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

ఇంట్లో టీవీ లేదు. కొనే ఉద్దేశమూ లేదు. గోడకి ఎప్పుడూ ఒక నల్లటి పలక వేలాడుతుంటే మా ఆవిడకి నచ్చదు. పడకగదిలో మంచం తలవైపు నుంచి ఎదురు గోడకి రెండున్నర మీటర్లు ఉంటుంది. రాత్రి పిల్లలతో కలిసి ఓ గంట ఏదైనా చూడటం మొదటి అవసరం. రెండోది, ఉద్యోగం మీద తిరుగుడు ఎక్కువ, కొన్నిసార్లు విమానంలో. బస చేసిన గదిలో ఫోన్ మీద వంగి చూసి చూసి మెడ పట్టేస్తోంది. కాబట్టి సంచీలో పట్టాలి. మూడోది పిల్లల కోరిక. సెలవుల్లో అందరం కలిసినప్పుడు ఆరుబయట పెద్ద తెర కట్టి చూడాలట.

నా అనుమానాలు ఇవి. ఒక డబ్బా మీద వెలుతురు 9,000 ల్యూమెన్స్ అని ఉంది. పేరున్న కంపెనీది దానికంటే చాలా ఖరీదు, దాని మీద చూస్తే 300 అని ఉంది. ఇదేం లెక్క? 4కే సపోర్ట్ అని రాసి ఉంటే నమ్మొచ్చా? బ్యాటరీ లోపలే ఉన్నది మంచిదా, పవర్ బ్యాంక్‌తో నడిచేది మంచిదా? విమానంలో దేన్ని ఆపేస్తారు?

చీకటిగది:

ప్రొజెక్టర్లు అద్దెకివ్వడం, పాడైనవి బాగుచేయడం నా పని. డబ్బా మీద ఏం రాశారన్నదాని కంటే లోపల ఏముందన్నది నాకు ఎక్కువ తెలుసు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఆ 9,000 సంగతి. ల్యూమెన్స్ అన్న మాటకి ముందు ఏముందో చూడండి. ఆన్సి అనో ఐఎస్‌ఓ అనో ఉంటే అది తెర మీద పడిన వెలుతురును కొలిచి చెప్పిన అంకె. ఆన్సి పద్ధతి 1992 నాటిది. తెల్లటి బొమ్మ వేసి, దాన్ని తొమ్మిది సమాన గడులుగా విడదీసి, ఒక్కో గడి మధ్యలో మీటరు పెట్టి లక్స్, అంటే ఒక చదరపు మీటరు మీద పడే వెలుతురు, కొలుస్తారు. ఆ తొమ్మిదింటి సగటును తెర వైశాల్యంతో గుణిస్తారు. ఇందులో మాయ చేయడానికి పెద్దగా చోటు లేదు. అలా కాకుండా వట్టి ల్యూమెన్స్ అనో, ఎల్ఈడీ ల్యూమెన్స్ అనో, లైట్ సోర్స్ ల్యూమెన్స్ అనో ఉంటే అది లోపలి దీపం లెక్క. ఒక్కోసారి ఏ లెక్కా కాదు. దీపం నుంచి బయల్దేరిన వెలుతురు బొమ్మను తయారుచేసే ప్యానెలూ లెన్సూ దాటి గోడ చేరేలోపు చాలావరకు పోతుంది. ఈ అంకెలు పెంచి రాస్తున్నారని ఎప్సన్ కంపెనీ అమెరికాలో కొందరు పోటీదారుల మీద కోర్టుకు కూడా వెళ్లింది. నా బల్ల మీదికి రిపేరుకొచ్చిన ఓ డబ్బా మీద 8,000 అని ఉంది. మీటరు పెట్టి చూస్తే 150 దాటలేదు. కాబట్టి మీరు చూసిన ఆ 300 వాడు నిజం చెప్తున్నాడు, అంతే తేడా.

ఇక 300 సరిపోతాయా అన్న ప్రశ్న. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. ఉన్న వెలుతురును ఎంత గోడకి పంచుతున్నారన్నదే అసలు లెక్క. ఒకే డబ్బా రంగును ఒక గోడకి వేయడం వేరు, అదే డబ్బాను నాలుగు గోడలకి సరిపెట్టడం వేరు. 80 అంగుళాల తెర వైశాల్యం ఇంచుమించు 1.76 చదరపు మీటర్లు. 300 నిజమైన ల్యూమెన్స్‌ను దాని మీద వేస్తే 170 లక్స్ పడుతుంది. మామూలు తెల్ల తెర అయితే అది 54 నిట్స్‌తో సమానం. నిట్స్ అంటే తెర కంటికి ఎంత వెలుగ్గా కనిపిస్తుందన్న కొలత. డిజిటల్ సినిమా హాల్లో తెల్లటి భాగానికి పెట్టుకున్న ప్రమాణం 48 నిట్స్. అంటే చీకటి గదిలో 80 అంగుళాల దాకా 300 ఆన్సి ల్యూమెన్స్ హాలుకేమీ తీసిపోదు. అదే యంత్రంతో 100 అంగుళాలకి వెళ్తే 35 నిట్స్, 150 అంగుళాలకి వెళ్తే 15. అంగుళాలు రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. అమ్మేవాళ్లు 200 అంగుళాల దాకా వస్తుంది అంటారు. వస్తుంది, కాదనను. కనిపిస్తుందా అన్నది అడగండి.

పైన చీకటి గదిలో అన్నాను, ఆ మాట దాటేయకండి. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నలుపు ఉన్నచోట వెలుతురు వేయకుండా ఊరుకుంటుంది, అంతే. గదిలో లైటు వేసి ఉంటే గోడ మీద పడేదే 50 నుంచి 100 లక్స్ దాకా ఉంటుంది. అప్పుడు మీ నలుపు బూడిదరంగుగా కనిపిస్తుంది. రాత్రి సన్నివేశాల్లో మనుషుల మొహాలు కూడా ఆనవు. ఇంకో వంద ల్యూమెన్స్ కోసం డబ్బు పోసే ముందు కిటికీకి మందపాటి తెర కట్టండి. తేడా మీకే తెలుస్తుంది. మీ గోడ తెల్లది కాకపోతే కనీసం ఆ మేరకు తెల్లటి మ్యాట్ పెయింట్ వేయించండి. నిగనిగలాడే పెయింట్ వద్దు, నడిమధ్య దీపం మచ్చ కనబడుతుంది.

4కే సపోర్ట్ అంటే 4కే సిగ్నల్ పంపితే తీసుకుంటుంది అని మాత్రమే అర్థం. గోడ మీద పడేది దాని సొంత రిజల్యూషన్. నేటివ్ రిజల్యూషన్ అని వెతకండి. 854 x 480 అని ఉంటే అది నాలుగు లక్షల చుక్కలు. 1920 x 1080 అంటే ఇరవై లక్షల పైచిలుకు. ఐదింతల తేడా. నేటివ్ అన్న మాటే ఎక్కడా లేకపోతే ఆ పేజీ మూసేయండి.

లోపలి ప్యానెల్ సంగతి కూడా ఒక ముక్క. చవకవాటిలో ఎక్కువగా ఒకే ఎల్‌సీడీ ప్యానెల్ ఉంటుంది. చాలావాటిలో ఆ భాగానికి సీల్ ఉండదు, ఫ్యాన్ గాలితో పాటు దుమ్ము లోపలికి పోయి ప్యానెల్ మీద కూర్చుంటుంది. తెర మీద మసక మచ్చలు తేలుతాయి. నా దగ్గరికి వచ్చేవాటిలో ఇదే ఎక్కువ. వేడెక్కేకొద్దీ ఫోకస్ జారిపోయేవీ వీటిలోనే. అరచేతిలో పట్టేవాటిలో ఎక్కువగా డీఎల్‌పీ ఉంటుంది, అంటే లక్షల సంఖ్యలో అతి చిన్న అద్దాలు ఊగే చిప్. 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ కనిపెట్టాడు. 2015లో ఆస్కార్ అకాడమీ వాళ్లు దానికి సాంకేతిక పురస్కారం కూడా ఇచ్చారు. డీఎల్‌పీతో ఒక ఇబ్బంది ఉంది. రంగులు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది కాబట్టి కొందరికి చూపు తిప్పినప్పుడు అంచుల్లో ఇంద్రధనుస్సులా మెరుస్తుంది. అందరికీ కాదు. కొనేముందు ఇంట్లోవాళ్లందరూ ఓసారి చూస్తే మంచిది.

మీ గది కొలత. త్రో రేషియో, అంటే గోడకి ఉన్న దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేది, 1.2 అనుకుందాం, ఈ చిన్నవాటిలో మామూలుగా ఉండేది అదే. రెండున్నర మీటర్లను 1.2తో భాగిస్తే తెర వెడల్పు 2.08 మీటర్లు, అంటే మూల నుంచి మూలకి 94 అంగుళాలు. 80 అంగుళాలు చాలనుకుంటే గోడకి 2.1 మీటర్ల దగ్గర పెట్టాలి. మంచం పక్కన ట్రైపాడ్ వేసి నేరుగా గురిపెట్టండి. ఆటో కీస్టోన్ ఉంది కదా అని మూల నుంచి వంకరగా వేయొద్దు. కీస్టోన్ చేసేదల్లా బొమ్మను ప్యానెల్‌లోనే కుదించి చదరంగా కనిపించేలా చేయడం. ఆ కుదింపులో చుక్కలూ పోతాయి, వెలుతురూ పోతుంది.

మూడు పనుల్లో ఏది ఎక్కువ చేస్తారో దానికి కొనండి. మీరు రాసిందాన్ని బట్టి అది పడకగది. ఆరుబయట ఏడాదికి ఎన్నిసార్లు చూస్తారు చెప్పండి?

సంచీలోసంసారం:

పైన ఆయన వెలుతురు గురించి చెప్పారు. తిరిగేవాళ్లకి అంతకంటే పెద్ద తలనొప్పి బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందన్నది. నేనూ మీలాగే సగం రోజులు బయట గదుల్లోనే ఉంటాను.

ఆండ్రాయిడ్ ఉంది, యాప్స్ అన్నీ ఉన్నాయి అంటారు. నెట్‌ఫ్లిక్స్ లైసెన్స్ లేని యంత్రాలు బోలెడున్నాయి. యాప్‌ను ఎలాగో ఎక్కించినా వైడ్‌వైన్ అనే కాపీ రక్షణలో కింది మెట్టు ఎల్3 మాత్రమే ఉంటే హెచ్‌డీ రాదు, మసక బొమ్మే దిక్కు. పోనీ ఫోన్ స్క్రీన్‌ను మిర్రరింగ్ చేద్దామంటే ఇలాంటి యాప్స్ కాపీ రక్షణ వల్ల మాట వినిపిస్తుంది, బొమ్మ నల్లగా ఉండిపోతుంది. అప్పుడు యంత్రం పాడైందని టెన్షన్ పడొద్దు, అది వాళ్లు కావాలని పెట్టిందే. ఏ యాప్ ముఖ్యమో ఆ యాప్ అధికారికంగా లోపలే ఉందా అని అడిగి తెలుసుకోండి. లేకపోతే హెచ్‌డీఎంఐలో పెట్టుకునే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి సంచీలో వేసుకోండి. నా అభిప్రాయంలో స్టిక్కే మేలు. ప్రొజెక్టర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు ఆగిపోయినా స్టిక్ మార్చుకుంటే సరిపోతుంది.

బస చేసే చోట వైఫైకి ఇంకో చిక్కు. పేరు, గది నంబరు కొట్టమని ఒక పేజీ వస్తుంది చూడండి, ఆ పేజీ చాలా ప్రొజెక్టర్లలో తెరుచుకోదు. ఫోన్ హాట్‌స్పాటే గతి. డేటా ఎంత ఉందో చూసుకోండి.

అందుకే నేను నెట్‌ను నమ్ముకోను. పెన్ డ్రైవ్‌లో ఫైళ్లు వేసుకుని పోతాను. డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ముందే ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోండి, ప్రొజెక్టర్ దాన్ని చదువుతుందో లేదో ఇంట్లోనే చూడండి. కొన్నిటికి డాల్బీ, డీటీఎస్ అనే శబ్దపు ఫార్మాట్ల లైసెన్స్ ఉండదు. బొమ్మ చక్కగా ఆడుతుంది, మాట మాత్రం రాదు. మన ఫైళ్లలో సగం అలాంటివే కదా!

మీ ఫోన్‌కు టైప్-సి నుంచి డిస్‌ప్లే బయటికి పంపే సదుపాయం ఉంటే కేబుల్ ఒక్కటి చాలు. చాలా ఫోన్లలో ఆ సదుపాయం ఉండదు, పోర్టు చూస్తే తెలియదు. ఫోన్ స్పెసిఫికేషన్లలో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అని ఉందేమో చూడండి.

బ్యాటరీకి వస్తే వాట్-అవర్లు, అంటే లోపల నిలవున్న మొత్తం శక్తి, చూడాలి, ఎంఏహెచ్ కాదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే, సెల్ వోల్టేజ్ 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు. విమానంలో 100 లోపు అయితే మామూలుగా తీసుకెళ్లనిస్తారు. 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. 160 దాటితే ప్రయాణికుల సామానులో కుదరదు. పవర్ బ్యాంక్ చేతి సంచీలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. ఈమధ్య కొన్ని సంస్థలు ప్రయాణంలో దాన్ని వాడనివ్వడం కూడా మానేశాయి. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. పోర్టబుల్ అని అమ్మేవన్నీ విమానం ఎక్కవు. యాంకర్ నెబ్యులా మార్స్ 3 ఆరుబయటకి పేరున్న యంత్రం, 1,000 ఆన్సి ల్యూమెన్స్, కానీ లోపల 185 వాట్-అవర్ల బ్యాటరీ. దానితో కారులో వెళ్లాల్సిందే.

పవర్ బ్యాంక్‌తో నడిచేవాటికి వాట్లు కూడా కుదరాలి. శామ్‌సంగ్ ఫ్రీస్టైల్‌కి లోపల బ్యాటరీ లేదు, 830 గ్రాములే. కానీ బయట పెట్టే పవర్ బ్యాంక్ 20 వోల్టుల దగ్గర 50 వాట్లు ఇవ్వగలగాలి. ఫోన్లకి వాడే 18 వాట్లది పెడితే పని కాదు. 74 వాట్-అవర్లలో బయటికి వచ్చేది 60 చిల్లరే అనుకోండి. 45 వాట్లు తాగే యంత్రం గంటా ఇరవై నిమిషాలకి ఆగిపోతుంది. సినిమా క్లైమాక్స్ దాకా రాదన్నమాట.

రాత్రిబండి:

ఇద్దరికీ థ్యాంక్స్. ఆ 9,000ది బుర్రలోంచి తీసేశాను. చీకటిగది గారూ, మీరు అడిగినట్టు ఆరుబయట చూసేది ఏడాదికి ఒకటి రెండుసార్లే. అయినా పిల్లలకి మాటిచ్చేశాను. ఆ రెండుసార్లూ 300 ల్యూమెన్స్‌తో గట్టెక్కే దారి ఏదైనా ఉందా? రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టాలని ఉంది, ఇంటి ముందు వీధిలైటు ఒకటుంది.

చీకటిగది:

గట్టెక్కొచ్చు. 150 అంగుళాల ఆశ వదులుకుంటే.

నేను మొదట చూసేది వీధిలైటు. దాని కింద నేల మీద పది లక్స్ దాకా సులువుగా ఉంటుంది. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ అటూఇటూ ఉంటుంది. కాబట్టి చంద్రుడితో మీకు పేచీ లేదు, వీధిలైటుతోనే. తెర వెనక్కి వీధిలైటు వచ్చేలా కట్టండి, అప్పుడు దాని వెలుతురు తెర ముందువైపు పడదు. కానీ పల్చటి దుప్పటి కడితే వెనక వెలుతురు అందులోంచి తెలుస్తుంది. వెనక నల్లటి గుడ్డ ఇంకోటి కట్టండి. దానితో ఇంకో లాభం, మీ ప్రొజెక్టర్ వెలుతురులో కొంత దుప్పటి దాటి వెనక్కి పోతూ ఉంటుంది, అది కనీసం అవతలి చెట్ల మీద బొమ్మ వేసి పక్కింటివాళ్లకి ఉచిత ప్రదర్శన ఇవ్వదు.

గుడ్డ నాలుగు మూలలూ కాదు, నాలుగు అంచులూ లాగి కట్టండి. పైన ఒక కర్ర, కింద ఒక కర్ర దూర్చితే సగం ముడతలు పోతాయి. గాలికి గుడ్డ ఊగితే ఫోకస్ ఊగుతుంది. ఆటో ఫోకస్ ఉన్న యంత్రాల్లో దాన్ని ఒకసారి సరిచేశాక ఆఫ్ చేయండి, లేకపోతే ఎవరో అడ్డం వచ్చినప్పుడల్లా అది మళ్లీ వెతుక్కుంటుంది. పిల్లలున్నచోట ఎవరో ఒకరు అడ్డం రాక మానరు.

సూర్యుడు అస్తమించగానే మొదలుపెట్టకండి. అస్తమయం వేళ ఇంకా వందల లక్స్ ఉంటుంది. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల కిందికి దిగాక మూడు నాలుగుకి వస్తుంది. మీరన్న ఎనిమిది సరైన సమయమో కాదో అస్తమయం చూసి లెక్కేసుకోండి, అస్తమించిన ముప్పావుగంటకి అనుకుంటే సురక్షితం. ఆలోగా తెర కట్టి, యంత్రం పెట్టి, శబ్దం సరిచేసుకోవచ్చు. తెర 70, 80 అంగుళాలకే కట్టి జనాన్ని దగ్గరగా కూర్చోబెట్టండి. బ్యాటరీ మీద నడిపితే చాలా యంత్రాలు వెలుతురు తగ్గించేసుకుంటాయి, డబ్బా మీద ఉన్న 300 కరెంటుకి గుచ్చినప్పటిది. ఇంటి దగ్గరే కాబట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి కరెంటు మీదే నడపండి.

పురుగులు వస్తాయి. వెలుతురంతా లెన్సులోంచే వస్తుంది కాబట్టి నేరుగా లెన్సు మీదికే వస్తాయి. తెర వైపు కాస్త దూరంగా వేరే దీపం పెట్టే చిట్కా అందరూ చెప్తారు, నేను దాన్ని నమ్మను, ఆ దీపం తెరను కూడా పాడుచేస్తుంది. లెన్సును చేత్తో తుడవకండి, గాలి బల్బుతో ఊదండి. రాత్రి ముదిరాక మంచు పడే చోటయితే యంత్రాన్ని ఆపిన వెంటనే మూతపెట్టి ఇంట్లోకి తేవాలి.

శబ్దం గురించి. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పి కొడతాయి, బయట ఆ సాయం ఉండదు. లోపలి చిన్న స్పీకర్ వెనక వరసకి వినపడదు. బయట స్పీకర్ పెట్టి, వీలైతే వైరుతో కలపండి. బ్లూటూత్ అయితే మాట పెదాల కంటే వెనకబడుతుంది, ఒక్కోసారి సెకనులో ఐదో వంతు దాకా. యూట్యూబ్ లాంటి యాప్ ఆ తేడాను సర్దుకోగలదు, హెచ్‌డీఎంఐ మీద వచ్చేదానికి మామూలుగా ఆ సౌకర్యం ఉండదు. స్పీకర్‌ను తెర పక్కన పెట్టండి, ప్రొజెక్టర్ పక్కన కాదు. మాట్లాడేవాళ్లు ఒకచోట, మాట ఇంకోచోట నుంచి వస్తే పిల్లలు కూడా పట్టేస్తారు.

నల్లపలక:

ఇంత బాధ దేనికండీ? ఓ మామూలు 43 అంగుళాల టీవీ పగలూ రాత్రీ, లైటు వేసినా తీసినా పనిచేస్తుంది. 250, 300 నిట్స్ ఇస్తుంది. మీ ప్రొజెక్టర్ చీకట్లో 50 ఇస్తుందని సంబరపడుతున్నారు. ప్రయాణానికి ట్యాబ్లెట్ చాలు.

సంచీలోసంసారం:

నల్లపలక గారూ, పగలు చూసేవాళ్లకి మీ మాటే రైటు, వాదించను. ఆయన పగలు చూస్తానని ఎక్కడా అనలేదు కదా. మీ పేరు చూస్తే టీవీ వైపు మాట్లాడక తప్పేట్టు లేదు కూడా.

రాత్రిబండి:

నల్లపలక గారి మాట మా ఆవిడకి చూపించలేదు, సంసారం ప్రశాంతంగా ఉంది.

నా నిర్ణయం ఇది. నేటివ్ 1080, 300 ఆన్సి దగ్గర్లో, డీఎల్‌పీ, 100 వాట్-అవర్ల లోపు సొంత బ్యాటరీ, కిలో లోపు బరువు. నెబ్యులా క్యాప్సూల్ 3 లేజర్ ఇంచుమించు ఇదే లెక్కలో కనిపిస్తోంది. రెండున్నర గంటలు ఆడుతుందంటున్నారు. స్టిక్ వేరేగా తీసుకుంటాను. గోడకి పెయింట్ వచ్చే వారం. చివరిగా రెండు ప్రశ్నలు. పిల్లలు తెర ముందు నిలబడి నీడలాటలు ఆడతారు, లేజర్ అంటే భయంగా ఉంది. ట్రైపాడ్‌కి ప్రత్యేకంగా ఏదైనా కొనాలా?

చీకటిగది:

ట్రైపాడ్‌కి కొత్తది అక్కర్లేదు, అడుగున పావు అంగుళం మర ఉందో లేదో చూడండి. కెమెరా ట్రైపాడ్‌లది అదే. తల బరువుకి పడిపోకుండా ఒక కాలు ప్రొజెక్టర్ ముందుభాగం వైపు వచ్చేలా నిలబెట్టండి. కేబుల్‌ను కాలికి చుట్టి కట్టేయండి, పిల్లలు తట్టుకుని లాగేది దాన్నే.

లేజరైనా ఎల్ఈడీ అయినా లెన్సులోకి దగ్గర్నుంచి తొంగిచూడటం మంచిది కాదు. తెర దగ్గర నీడలాట ఆడితే వాళ్ల వీపు లెన్సు వైపు ఉంటుంది, వెనక్కి తిరిగినప్పుడే చిక్కు. కొన్నిటిలో మనిషి అడ్డం రాగానే వెలుతురు తగ్గించే సెన్సర్ ఉంటుంది, సెట్టింగుల్లో కంటి రక్షణ అని వెతికి ఆన్ చేయండి. అది లేకపోయినా యంత్రాన్ని పిల్లల తల కంటే ఎత్తులో పెట్టి కొద్దిగా కిందికి వంచండి. ఇక్కడ మాత్రం కొంచెం కీస్టోన్ వాడుకోండి, నేనేమీ అనను.

కొన్నాక మొదటి రోజే తెల్లటి బొమ్మ వేసి మూలలు చూడండి. నాలుగు మూలల్లో ఒకటి మసకగా ఉంటే వాపస్ ఇచ్చే గడువు లోపలే మార్పించుకోండి. తర్వాత నా దగ్గరికి తెచ్చినా అది సరిచేయడం నా వల్ల కాదు.